బతుకుతెరువు కళ – సొంత కళ

మన హాస్టల్లో ఏ సంవత్సరం బ్యాచిని తీసుకున్నా అందులో బొమ్మలు వేసేవారు ఒకరుంటారు. పాట పాడేవారు ఒకరుంటారు. కవిత రాసి రఫ్ నోట్సు చివరి పేజీల్లో దాచుకునేవారు ఒకరుంటారు. ఆగస్టు 15 వస్తే నోటీసు బోర్డు మీద రంగు సుద్దలతో జెండా వేసేది వారే. ఏప్రిల్ 14న అంబేద్కర్ గారి బొమ్మ గీసేది వారే. వీడ్కోలు సభలో పాడి అందరి కళ్ళూ తడిపేది వారే. స్టడీ అవర్లో పుస్తకం మధ్య తెల్లకాగితంతో దొరికిపోయి చీవాట్లు తినేదీ వారే.

మరి ఇక్కడి నుంచి వెళ్ళాక వారంతా ఏమయ్యారు? పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చిన అన్నలను, అక్కలను "ఇంకా బొమ్మలు వేస్తున్నారా?" అని అడిగి చూడండి. "ఎక్కడ తమ్ముడూ, తీరికేదీ?" అంటారు. లెక్కల ఆఫీసులోనో, బస్సు డిపోలోనో పనిచేసేవారు అలా అంటే అర్థం చేసుకోవచ్చు. ఆశ్చర్యమేమిటంటే కళే ఉద్యోగంగా ఉన్నవారు కూడా అదే మాట అంటారు. ఫ్లెక్సీలు డిజైన్ చేసేవారు, పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవారు, డ్రాయింగ్ మాస్టార్లు, పత్రికల్లో సబ్ ఎడిటర్లు రోజంతా బొమ్మల మధ్య, అక్షరాల మధ్యే ఉంటారు. కాని తమదంటూ ఒక్క బొమ్మ వేసి, ఒక్క పేజీ రాసి ఎన్నేళ్ళయిందో వారికే గుర్తుండదు.

దీనివల్ల నష్టమేమైనా ఉందా? ఉంటే అది వారి సొంత జీవితానికేనా, ఉద్యోగానికి కూడానా? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నది ఈ విషయాన్నే. ఉదాహరణల కోసం దూరం వెళ్ళనక్కరలేదు. తెనాలి, బాపట్ల, గుంటూరు చాలు.

రెండు రకాల పని

ముందుగా మాటలు స్పష్టం చేసుకుందాం. ఒకరు అడిగితే, వారు చెప్పిన కొలతలో, చెప్పిన తేదీకి, డబ్బు తీసుకుని చేసేది బతుకుతెరువు కళ. ఎవరూ అడగకుండా, గడువు లేకుండా, అమ్మాలన్న ఆలోచన లేకుండా చేసుకునేది సొంత కళ. మొదటిదానికి యజమాని ఉంటాడు. రెండవదానికి మనమే యజమానులం.

మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ అని ఇక్కడ చెప్పడం లేదు. బోర్డు రాసి పిల్లలను చదివించుకున్న పెయింటర్ పని గౌరవమైన పని. పైగా ఆ పని చేతికి వేగాన్ని, పొదుపును, గడువు దాటకూడదన్న క్రమశిక్షణను నేర్పుతుంది. సొంత కళ అవి నేర్పదు. కాని అది నేర్పేవి వేరే ఉన్నాయి. అవేమిటో కొందరి జీవితాల్లో చూద్దాం.

తెనాలి నుంచి చందమామకు

తెనాలి మనకు ప్యాసింజర్ బండిలో గంటకు అటూ ఇటూగా ప్రయాణం. కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో అక్కడ పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. విజయనగరంలో బి.ఎస్‌సి. చదివి, ఎం.ఎస్‌సి. ఫిజిక్సు కోసం కాశీ వెళ్ళారు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యం వచ్చిన రోజులవి. ఆ చదువు పూర్తి కాలేదు. తరువాత గుమాస్తాగా, ఉపాధ్యాయుడిగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రకరకాల ఉద్యోగాలు చేశారు. 1950 నుంచి రెండేళ్ళు ఆంధ్రపత్రికలో పనిచేసి, 1952లో మద్రాసులో "చందమామ"లో చేరారు. 1980 ఆగస్టులో కన్నుమూసే దాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్ళు, ఆ పనిలోనే ఉన్నారు.

"చందమామ" 1947 జూలైలో మొదలైన పిల్లల మాసపత్రిక. ఇప్పుడు వెలువడడం లేదు గాని, పదికి పైగా భాషల్లో పిల్లలను పెంచిన పత్రిక అది. అందులో కుటుంబరావు గారి పని ఎలాంటిదో గమనించండి. సంపాదకుడిగా పత్రిక మీద అచ్చయ్యే పేరు చక్రపాణి గారిది. కుటుంబరావు గారు తిరగరాసిన కథల కింద ఆయన పేరుండదు. పిల్లలకు అర్థమయ్యే మాటలే వాడాలి. ఇన్ని పేజీల్లోనే ముగించాలి. ప్రతి నెలా ప్రెస్సు ఎదురుచూస్తూ ఉంటుంది. బేతాళ కథల సంగతే చూడండి. పాత గ్రంథంలో ఉన్నవి ఇరవై అయిదు. పాఠకులకు అవి నచ్చడంతో అయిపోయాక కూడా ఆపలేదు. వేరే కథలు తెచ్చి, అదే విక్రమార్కుడు, అదే శవం, అదే ప్రశ్న అనే చట్రంలో బిగించి దశాబ్దాల పాటు నడిపారు. ఇది పక్కా బతుకుతెరువు కళ.

ఇలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషి ఇంటికి వచ్చి కలం పక్కన పెట్టేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆయన పెట్టలేదు. కథలు, నవలలు, నాటికలు, వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. సినిమా గురించి, సంగీతం గురించి, సైన్సు గురించి, మనస్తత్వం గురించి, రాజకీయాల గురించి రాశారు. ఆయన పోయాక కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో ఆ రచనలు సంపుటాలుగా వచ్చాయి. "చదువు" అనే నవల మన హాస్టల్ విద్యార్థులందరూ చదవవలసినది. సుందరం అనే కుర్రవాడి అక్షరాభ్యాసంతో మొదలై, చదివిన చదువుకూ బతుకుకూ సంబంధం ఏమిటనే ప్రశ్న దాకా ఆ కథ నడుస్తుంది. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని ప్రతివారికీ అందులో తన ముఖం కనబడుతుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఆయన పెద్దల కథల్లో వాక్యం చిన్నది. అలంకారాలు లేవు. చెప్పదలచింది చెప్పి ఆగిపోతుంది. అది పిల్లలకు రాసిన చేతి వాక్యం. అలాగే చందమామ కథల్లో రాజులూ రాక్షసులూ ఉన్నా, మనుషులు ఎందుకలా ప్రవర్తించారన్న దగ్గర తర్కం తప్పదు. అది మధ్యతరగతి మనుషులను ఏళ్ళ తరబడి నిశితంగా చూసిన రచయిత తర్కం. బేతాళుడు కథ చివర ప్రశ్న అడుగుతాడు. కుటుంబరావు గారి పెద్దల కథలూ చాలా వరకు ప్రశ్న దగ్గరే ఆగుతాయి. ఉద్యోగం ఆయన సొంత రచనకు ఇచ్చింది, సొంత రచన ఆయన ఉద్యోగానికి ఇచ్చింది. ఒకటే ఉండి ఉంటే రెండవది ఇంత బాగా వచ్చేది కాదని నా అభిప్రాయం.

చక్రపాణి గారిదీ తెనాలే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. యువకుడిగా ఉండగా క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో ఉన్నారు. ఆ రోజుల్లో క్షయ అంటే ప్రాణం మీద ఆశ వదులుకునే జబ్బు. అలాంటిచోట ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. దానితో ఒక రూపాయి వస్తుందని అప్పుడు చెప్పగలిగేవారూ లేరు. తరువాత శరత్‌బాబు నవలలను తెలుగు చేశారు. ఆ తరువాత సినిమాల్లోకి వెళ్ళి విజయా సంస్థకు కథలు సమకూర్చారు. 1955లో వచ్చిన "మిస్సమ్మ" కథకు మూలం ఒక బెంగాలీ హాస్య నాటకం. ఆసుపత్రి మంచం మీద సొంతానికి నేర్చుకున్నది ఎక్కడికి చేరిందో చూశారు కదా! అలాగని ప్రతిదీ ఇలా చేరుతుందని కాదు. చేరుతుందని లెక్క వేసుకుని నేర్చుకున్నది కాదు కాబట్టే ఇది గుర్తుంచుకోదగ్గది.

బాపట్ల సత్యభామ

రంగస్థలం మీద స్త్రీ పాత్రలకు ఆంధ్రదేశంలో ఆ రోజుల్లో మొదట చెప్పుకునే పేరు స్థానం నరసింహారావు గారిది. 1902లో బాపట్లలో పుట్టారు. తండ్రి చనిపోవడంతో చదువు ఆపి సంసారం మోయవలసి వచ్చింది. 1920లో బాపట్లలో "హరిశ్చంద్ర" ఆడుతుంటే చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాలేదు. ఆ వేషం ఈయన వేశారు. తరువాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, దేవదేవి వంటి పాత్రలతో పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 1971లో కన్నుమూశారు.

నటుడి పని వేరేవారు రాసినదాన్ని చెప్పడం. నాటకకర్త రాసిన మాట, హార్మోనిస్టు ఇచ్చిన శృతి, కాంట్రాక్టరు పెట్టిన తేదీ. అంతవరకు చేసినా ఆయనకు జీతం వచ్చేది. కాని "శ్రీకృష్ణ తులాభారం"లో సత్యభామ తన భర్త తన మాట దాటలేడని ధీమాగా పాడే పాట ఉంది చూడండి, ఆ పాటను స్థానం వారే రాసుకున్నారు. సత్యభామ వేషం వేస్తూ వేస్తూ, ఆమె ఇంకా ఏదో చెప్పాలనుకుంటోందని ఆయనకు అనిపించి ఉండాలి. ఒకే పల్లవిని వేరువేరు భావాలతో అభినయిస్తూ ఆయన పాడుతుంటే జనం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవారట. 1966లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు అదే పాటను పి. సుశీల గారు పాడారు, తెర మీద జమున గారు అభినయించారు. ఆ పాట ఇప్పటికీ మన పెళ్ళిళ్ళలో, కూచిపూడి ప్రదర్శనల్లో వినిపిస్తూనే ఉంది. కాని రాసింది ఒక నటుడని చాలామందికి తెలియదు.

ఆయన తన నటనానుభవాలను "నటస్థానం" అనే పుస్తకంగా కూడా రాశారు. వేషం తీసేశాక, తాను చేసిందేమిటో కూర్చుని ఆలోచించి రాసుకోవడం కూడా సొంత కళే. అలా రాసుకున్నవారికి తమ పని తమకే కొత్తగా తెలుస్తుంది.

జాషువా గారి రెండు గొంతులు

మన హాస్టల్ గోడ మీద ఉన్న ఫోటోల్లో గుర్రం జాషువా గారిది ఒకటి. 1895లో వినుకొండలో పుట్టారు. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీయడం, పాడడం ఇష్టం. కులం పేరుతో పడిన అవమానాల గురించి ఇక్కడ మళ్ళీ చెప్పనక్కరలేదు, మనకు తెలిసినవే. ఆయన చేసిన ఉద్యోగాలను మాత్రం ఒకసారి వరుసగా చూడండి.

1915, 16 సంవత్సరాల్లో రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశారు. అవి మాటల్లేని సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథను, సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించాలి. తరువాత గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణాలయంలో, ఆ తరువాత ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం తరఫున యుద్ధ ప్రచార ఉద్యోగం చేశారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమాలు రూపొందించారు. అన్నీ మాటతో, గొంతుతో చేసే పనులే. అన్నిటిలోనూ చెప్పవలసిందేమిటో పైవారు నిర్ణయించేవారు.

అదే మనిషి 1932లో "ఫిరదౌసి", 1941లో "గబ్బిలం" రాశారు. అప్పటికి ఆయన గుంటూరులో తెలుగు ఉపాధ్యాయుడు. "గబ్బిలం"లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడి లోపల తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత శివుడికి తన గోడు కబురు పంపుతాడు. ఈ కావ్యం రాయమని ఏ ఆఫీసూ అడగదు, ఏ సిలబసూ అడగదు. "ఫిరదౌసి" కథ అయితే అచ్చంగా మన విషయమే. కవి చేత సుల్తాను కావ్యం రాయిస్తాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానంటాడు. పని పూర్తయ్యాక వెండి నాణేలు పంపుతాడు. బతుకుతెరువు కోసం రాసే కవి గుండె ఎలా పగులుతుందో జాషువా గారు ఎక్కడో పర్షియా కథలో చెప్పారు గాని, ఆ బాధ ఇక్కడిదే.

ఇంకొక విశేషం చూడండి. మన పల్లెల్లో "హరిశ్చంద్ర" కాటిసీను వేస్తే నటుడు శ్మశానం మీద పద్యాలు అందుకుంటాడు. వన్స్ మోర్లు పడేది అక్కడే. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. జాషువా గారి ఖండకావ్యంలోవి. నటులు వాటిని ఇష్టపడి నాటకంలోకి తెచ్చుకున్నారు. సొంతంగా రాసుకున్న పద్యాలు తరాల తరబడి ఎందరో రంగస్థల నటులకు అన్నం పెట్టాయి. ఒకప్పుడు తెర పక్కన నిలబడి వేరేవారి కథను జనానికి చదివిన గొంతుకు, జనం చెవికి ఏది ఆనుతుందో తెలిసి ఉంటుంది. ఉద్యోగంలో నేర్చినది సొంత పద్యంలోకి వచ్చిందని నేను అనుకుంటున్నాను.

సొంత కళ ఏమిస్తుంది?

పై ఉదాహరణల నుంచి, ఇతర పరిశీలనల నుంచి మూడు ప్రయోజనాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, చూపు. ఉద్యోగంలో మనం ముందే తెలిసిన దారిలో వెళతాం, తప్పు చేస్తే నష్టం కాబట్టి. సొంత పనిలో తప్పు చేయవచ్చు, చింపేయవచ్చు, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కొత్త దారులు దొరికేది అక్కడే. అవి తరువాత ఉద్యోగానికీ పనికివస్తాయి.

రెండవది, విశ్రాంతి. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్ళకు కాగితం, రంగు పెన్నులు, మట్టి ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమైనది చేసుకోమన్నారు. ముందూ తరువాతా వారి లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. మనిషి ఒత్తిడిలో ఉంటే పెరిగే హార్మోను అది. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, బొమ్మలు వేయడం వచ్చినవారికీ రానివారికీ తేడా పెద్దగా లేదు. కొద్దిమంది మీద చేసిన ప్రయోగమే కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోకూడదు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరొక అధ్యయనంలో, ఉద్యోగం బయట సృజనాత్మకమైన పనులు చేసుకునేవారు ఉద్యోగంలోనూ మెరుగ్గా ఉన్నట్టు కనబడింది. ఇది కారణమని కాదు, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పాలి.

మూడవది, ఆత్మగౌరవం. రోజంతా "అక్షరం పెద్దది చెయ్యి, రంగు మార్చు, మా నాయకుడి తల ఇంకొంచెం పెంచు" అని చెప్పించుకునే మనిషికి, తన మాట చెల్లే చోటు రోజుకు అరగంటైనా కావాలి. అది లేకపోతే పని మీద విసుగు, విసుగు నుంచి పని చెడడం, చెడితే మాట పడడం, ఇలా సాగుతుంది.

కళ వృత్తి కానివారికి కూడా ఈ మాటలు వర్తిస్తాయి. తెనాలికి దగ్గరలోని తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1914–1999) బొమ్మలు వేసుకుంటూ, వ్యాసాలు రాసుకుంటూ, దేశదేశాల వారికి ఉత్తరాలు రాస్తూ గడిపారు. ఆయన ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి.

నా అనుభవం

ఇక్కడ ఒక మాట నా గురించి చెప్పకపోతే పాఠం అసంపూర్ణమవుతుంది. డిగ్రీ తరువాత పి.జి.లో సీటు వచ్చేలోగా ఒక ఊళ్ళో డి.టి.పి. సెంటర్లో ఎనిమిది నెలలు పనిచేశాను. పెళ్ళి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, దినకార్యం పత్రికలు. నాకంటే ముందు ఆ ఊళ్ళో గోడల మీద, బోర్డుల మీద చేత్తో అక్షరాలు రాసే పెయింటర్లు ఉండేవారు. ఫ్లెక్సీ వచ్చాక వారి పని పోయింది. అందువల్ల నేను చేస్తున్న పని మీద నాకు గర్వమూ ఉండేది, కొంచెం సిగ్గూ ఉండేది.

ఒక ఆదివారం మా పక్కింటి పాప పలక తెచ్చి ఎద్దు బొమ్మ వేసిపెట్టమంది. హాస్టల్లో ఉండగా కళ్ళు మూసుకుని వేసే బొమ్మ. కొమ్ము వంకరగా వచ్చింది. నా ఎడమ చెయ్యి నాకు తెలియకుండానే కీబోర్డు మీద వెనక్కి తెచ్చే మీట కోసం వెతికింది. పలక మీద ఆ మీట ఎక్కడిది? పాప నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిది నెలల్లో కొన్ని వందల డిజైన్లు చేశాను, ఒక్క గీత గీయలేదు.

మరునాటి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని, మా అమ్మ వాకిట్లో వేసే ముగ్గులు దించుకోవడం మొదలుపెట్టాను. అమ్మ తెల్లవారుజామునే కూలికి వెళుతుంది. వెళ్ళేముందు ముగ్గు వేసి వెళుతుంది. మధ్యాహ్నానికి కోళ్ళూ సైకిళ్ళూ తొక్కేస్తాయి. మళ్ళీ మర్నాడు వేస్తుంది. ఎవరూ డబ్బివ్వరు, ఎవరూ మెచ్చుకోరు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కళాకారులెవరూ లేరని నేను అనుకుంటూ వచ్చాను!

"దీనివల్ల ఏమొస్తుందిరా?" అని అమ్మ అడిగింది. మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవారి ప్రతి గంటకూ ఇంట్లో లెక్క ఉంటుంది. చెల్లి ఫీజు, నాన్న మందులు, చీటీ డబ్బు అన్నీ ఆ గంటల మీదే ఆధారపడి ఉంటాయి. నా దగ్గర జవాబు లేదు. అమ్మ పుస్తకంలోకి తొంగి చూసి, "ఈ మెలిక ఇటు తిరగాలి, నువ్వు చుక్క వదిలేశావు" అని పెన్సిల్ తీసుకుని దిద్దింది. అమ్మ పెన్సిల్ పట్టుకోగా చూడడం నాకు అదే మొదటిసారి.

కొన్నాళ్ళకు ఒక పెళ్ళి కార్డుకు ఆ మెలికల ముగ్గునే అంచుగా వేశాను. వారికి నచ్చింది. తరువాత ఇద్దరు ముగ్గురు అదే కావాలని అడిగారు. యజమాని మెచ్చుకున్నాడు, జీతం మాత్రం పెంచలేదు. ఆ సంగతి దాచడం ఎందుకు? సొంత కళ జీతం పెంచుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాని ఆ నెలల్లో నేను పనికి వెళ్ళేటప్పుడు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళలేదు. అంతవరకు నిజం.

మనకు ఇది విలాసమా?

"కడుపు నిండినవారి మాటలివి, మనకెందుకు?" అని కొందరు మిత్రులు అనవచ్చు. పైన చెప్పుకున్నవారిని మళ్ళీ చూడండి. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, తండ్రి పోయి బడి మానేసిన కుర్రవాడు, ఊరు వెలివేసిన కవి, క్షయ రోగి. కడుపు నిండినవారు కారు. ఉద్యోగం మాని కళ చేయమని వారి జీవితాలు చెప్పడం లేదు. ఉద్యోగం చేస్తూనే తమదైన ఒక మూల కాపాడుకోమని చెబుతున్నాయి.

అలాగని ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు, రెండు షిఫ్టులు చేయవలసి వచ్చినప్పుడు బొమ్మ వేయలేకపోతే అది తప్పు కాదు. నోట్‌బుక్కు ట్రంకు పెట్టెలో ఉండనివ్వండి. పారేయకండి, అంతే.

ఆచరణలో

1. ఖరీదైన సామాను కొనకండి. తెల్లకాగితాలు, పెన్సిల్, లేదా పాత నోట్సు వెనక పేజీలు చాలు. పాడేవారికి అదీ అక్కరలేదు.

2. సమయం తక్కువ పెట్టుకోండి, క్రమం తప్పకండి. రోజుకు అరగంట కుదరకపోతే ఆదివారం గంట. స్టడీ అవర్లో మాత్రం వద్దు, ఆ సమయం చదువుది.

3. చేసిన ప్రతిదాన్నీ ఫోన్లో పెట్టి లైకుల కోసం ఎదురుచూడకండి. లైకులు లెక్కపెట్టడం మొదలైతే అక్కడా యజమానులు తయారవుతారు. కొన్ని మీకోసమే ఉంచుకోండి.

4. మీ చుట్టూ ఉన్నదాన్ని వేయండి, రాయండి. కాలువ గట్టు, పెనుమూడి దగ్గర కృష్ణ, నాట్ల పాటలు, మన మెస్సులో ఆదివారం క్యూ. ఇవి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

5. ఇంట్లోవారి కళను గుర్తించండి. ముగ్గు, చాప అల్లిక, డప్పు, పడవ పాట, ఏదైనా సరే. వారి దగ్గర నేర్చుకోండి. దిద్దించుకోండి.

6. ఉద్యోగంలోని కళను చిన్నచూపు చూడకండి. అక్కడ నేర్చిన వేగం, శుభ్రత మీ సొంత పనికి పనికివస్తాయి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీరు చివరిసారిగా ఎవరూ అడగకుండా చేసిన బొమ్మ, పాట లేదా రచన ఏది? ఎప్పుడు?

2. మీ ఇంట్లో డబ్బు రాని కళ ఎవరికుంది? దాని గురించి వారిని ఎప్పుడైనా అడిగారా?

3. "చదువు" నవల గాని, "గబ్బిలం" గాని చదివి, ఒక పేజీలో మీ అభిప్రాయం రాసి గోడపత్రికకు ఇవ్వండి.

ముగింపు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ హాస్టల్ మనకు అన్నం పెట్టింది, పుస్తకాలిచ్చింది, ఉద్యోగాల దాకా దారి చూపింది. ఆ ఉద్యోగాల్లో బాగా రాణించండి. కన్నవారి కష్టం తీర్చండి. దానితో పాటు నోటీసు బోర్డు మీద రంగు సుద్దతో జెండా వేసిన ఆ చేతిని మరచిపోకండి. వచ్చే వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులుగా మీరు వచ్చినప్పుడు ఎవరో ఒక చిన్న తమ్ముడు "ఇంకా బొమ్మలు వేస్తున్నారా అన్నా?" అని అడుగుతాడు. సంచిలోంచి ఒక నోట్‌బుక్కు తీసి అతని చేతిలో పెట్టగలిగితే నాకంతకంటే సంతోషం లేదు.